మైదా ముద్దలు, అత్తమ్మ వాదన

పిలకాయలు ఆడుకోవడానికి ఇంట్లోనే మైదాతో రంగు ముద్దలు చేసివ్వడం మంచిదా కాదా అని మా ఇంట్లో ఏడాదిగా వాదన నడుస్తానే ఉంది. నేను మంచిదే అంటాను. మా అత్తమ్మ మాత్రం "తినే పిండిని మన్ను చేస్తాండావు కదమ్మే" అంటుంది. ఆ మాటను చాదస్తమని తీసిపారేయలేను. వరన్నం పండగనాడే వండుకుని, మిగతా రోజులు సంగటితో గడిపిన ఇంట్లో పెరిగిన మనిషి ఆమె.

కానీ అంగట్లో డబ్బాలో కొనేది మాత్రం ఏమిటి? ప్లే-డోలో గోధుమ ఉంటుందని ఆ కంపెనీవాళ్లే చెప్తారు. డబ్బాలో ఉంటే పిండని గుర్తుకు రాదు, అంతే తేడా. ఇంకో తమాషా ఉంది. అది మొదట పిల్లల కోసం చేసిందే కాదు. అమెరికాలో సిన్సినాటి ఊళ్లో కుటోల్ అనే సబ్బుల కంపెనీ, గోడలకు అంటించే కాగితం మీద బొగ్గు మసిని తుడవడానికి తయారుచేసిన ముద్ద అది. బొగ్గు పొయ్యిలు పోయాక దాని అవసరం తగ్గింది. కే జుఫాల్ అనే నర్సరీ టీచరమ్మ ఆ ముద్దను తన బడి పిల్లలకిచ్చి చూసింది. 1956లో ఆట వస్తువుగా అమ్మకానికి వచ్చింది. గోడలు తుడిచేందుకు పుట్టిన ముద్ద ఈరోజు మన గోడలకే అంటుకుంటోంది!

ఇంట్లో చేసుకునేది చాలా సులువు. కప్పు మైదా, అరకప్పు ఉప్పు, కప్పు నీళ్లు, స్పూను నూనె, అరచెక్క నిమ్మరసం. అన్నీ ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద సంగటి కెలికినట్టు కెలకాలి. గిన్నె అంచులు వదిలి ఒకటే ముద్దయ్యాక దించి, చేయి పట్టేంత చల్లారనిచ్చి, చపాతీ పిండిలా బాగా మర్దించాలి. ఉప్పు తగ్గించకండి. ముద్ద పాడవకుండా కాపాడేది అదే, నోట్లో పెట్టుకున్న పిల్లోడు తుపుక్కున ఉమ్మేసేదీ దానివల్లే. అయినా మూడేళ్ల లోపు వాళ్లను ఒంటరిగా వదలొద్దు, అంత ఉప్పు కడుపులోకి పోకూడదు. చేతి మీద పుండో, గజ్జో ఉన్న బిడ్డకు ఇస్తే మంట పుట్టి ఏడుస్తుంది. గోధుమ పడని పిల్లలకైతే అసలు వద్దు.

రంగులకు పసుపు, బీట్‌రూట్ చాలు. బీట్‌రూట్ రసం పొయ్యి మీద పోస్తే రంగు వెలిసిపోతుంది, చల్లారాక కలపండి. పసుపుది వేరే కథ. మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా మారుతుంది, సున్నం తగిలి పారాణి అయినట్టే. కంగారు పడకుండా ఉతికి ఎండలో ఆరేస్తే అదే తగ్గిపోతుంది. రంగులకీ ఎండకీ నీళ్లకీ ఉన్న లెక్క కలంకారీ వేసే ఊరివాళ్లం, మనకొకరు చెప్పాలా.

అసలు నా గొడవ ముద్దతో కాదు, దాని తర్వాతి పనితో. "పిల్లలతో బొమ్మలు చేయించండి, సృజన పెరుగుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే. అరుగు మీద, చాప సందుల్లో, గోళ్ల కింద ఎండిపోయిన పిండిని ఎవరు గీకుతారో ఒక్కరూ చెప్పరు. మా పెద్దదాని బడివాళ్లు ఒక సోమవారానికి పిండి బొమ్మ చేసి తెమ్మంటే, వరండాలో నాకు కనిపించిన ఏనుగులన్నీ అమ్మలు చేసినవే. తొండం అంత నున్నగా ఆరేళ్ల పిల్ల చేయగలదా! మా పాప ఏనుగు పందిలా ఉంది. అలాగే పంపాను. మార్కులు ఎన్ని వేశారో అడగలేదు.

అందుకని మా ఇంట్లో చేసేది నేను, తుడిచేది ఆడినవాళ్లు. పెద్ద పళ్లెంలోనే ఆడాలి. కింద పడింది తడిమీద తుడిస్తే మరింత సాగుతుంది, ఆరనిచ్చి చీపురుతో ఊడిస్తే పొడిగా వచ్చేస్తుంది. మిగిలినదానికి చన్నీళ్లే వాడాలి. వేడినీళ్లు పోస్తే పిండి ఉడికి బంకైపోతుంది. పళ్లెం సింకులో కడిగేముందు ముద్దలు తీసి పక్కన పెట్టాలి, లేకుంటే గొట్టం పూడిపోతుంది. ఆదివారం మా ఆయన కూడా పిల్లలతో కూర్చుంటాడు కాబట్టి ఆదివారం చీపురు ఆయనది. మొదట్లో అత్తమ్మకు అది నచ్చలేదు. ఇప్పుడు చూడనట్టు ఉంటుంది.

అత్తమ్మతో రాజీ కూడా కుదిరింది. నెలకొక్కసారే మైదా ముద్ద, అదీ కప్పుకు మించకుండా. మిగతా రోజుల్లో రాత్రి చపాతీలు చేసేటప్పుడు తలా ఉండ ఇస్తాను. పామో, చిలకో, ఏదో ఒకటి చేస్తారు. పెనం మీద కాల్చి వాళ్లకే పెడతాను. మా చిన్నోడు తన పాము తోకను నాయనమ్మ నోట్లో పెడితే ఆమె కాదనదు. వినాయక చవితికి బంకమన్ను ఎటూ ఉంది.

ముద్దను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే కొన్ని వారాలు ఉంటుంది. మన ఎండలకు పగిలితే కాస్త నీళ్లు చల్లి పిసకండి. కార్తీకం ముసురులో ఉప్పు తేమ లాగి జారుతుంది, అప్పుడు గుప్పెడు మైదా కలపండి. వాసన వచ్చినా, బూజు కనిపించినా పారేయండి. పారేసేటప్పుడు వీధిలో ఆవుకూ కుక్కకూ అందేచోట వేయొద్దు, అంత ఉప్పు వాటికి మంచిది కాదు. తులసి కోట మొదట్లోనూ వద్దు, ఉప్పుకు మొక్క మాడిపోతుంది. కాగితంలో చుట్టి చెత్తబండికే ఇచ్చేయండి.