చీకటిలో పాదానికి ఒక దీపం

నల్గొండ జిల్లా ఆరోగ్యం అనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. మహబూబ్‌నగర్ అనగానే వలస. చీకటి ఎవరికీ గుర్తుకు రాదు. ఈ రెండు జిల్లాలలో వైద్యుడిగా చాలాకాలం గడిపిన నేను మాత్రం, జ్వరం గోలీలతో పాటు ప్రతి ఇంటిలోనూ ఉండవలసిన వస్తువు టార్చిలైటు అంటాను. మీకు ఇది అతిశయోక్తిగా తోచవచ్చు.

వానకాలపు రాత్రులలో పాము కరిచిందని వచ్చినవారిని ‘ఏ పాము?’ అని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటే: ‘చీకట్ల కనవడలే సారూ.’ బోరు మోటారు వేయడానికో, మడికి నీరు మళ్ళించడానికో, బహిర్భూమికో వట్టి కాళ్ళతో వెళ్ళినవారే ఎక్కువ. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్నందున అర్ధరాత్రి కరెంటు కోసం కాచుకునే బాధ తగ్గింది గాని, గట్ల మీద రాత్రి నడక ఆగలేదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏటా సుమారు 58 వేల మంది!

రక్తపింజర అడుగుల చప్పుడుకు తొలగిపోతుందని నమ్మకండి. గడ్డిలో కదలక పడి ఉంటుంది. దానిని మీరే చూసి తప్పుకోవాలి. కట్లపాము సంగతి వేరు. అది నేల మీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. కొన్ని గంటలకు కడుపునొప్పి, ఆపైన రెప్పలు వాలిపోవడం. అజీర్తి అనుకొని విలువైన సమయం పోగొట్టుకుంటారు. అందుచేత పడుకునే ముందు పక్క దులిపి, మంచం కింద, మూలలలో ఒకసారి వెలుగు వేసి చూడండి. దోమతెర అంచులను పరుపు కిందికి దోపండి.

‘సెల్‌ఫోనులో లైటు ఉన్నది కదా’ అంటారు. ఆ వెలుగు నాలుగడుగులు దాటదు. పైగా ఆపదలో 108కి చేయవలసిన ఫోను ఛార్జింగు దానికే ఖర్చవుతుంది.

కిలోమీటరు దూరం వెలుగు పడుతుందని చెప్పి అమ్మే టార్చీల మోజు నాకు అర్థం కాదు. నడకకు కావలసింది పాదాల ముందు వెడల్పుగా పరుచుకునే వెలుగు. వంద ల్యూమెన్లు చాలు. చీకటికి అలవాటు పడటానికి కంటికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మితిమీరిన కాంతి ఆ అలవాటును క్షణంలో చెరుపుతుంది. వానలో తడిసినా పాడవనిది, ముసలివారి వేళ్ళకు సులభంగా నొక్కుడుపడే బటను ఉన్నది ఎంచుకోండి. రాత్రి మూత్రానికి లేచి, జారిపడి, తుంటి ఎముక విరిగిన పెద్దలను చూసినవాడిగా చెబుతున్నాను: వారి తలగడ పక్కన ఒక చిన్న టార్చి ఉంచండి. బిళ్ళల వంటి చిన్న బ్యాటరీలతో వెలిగేవి మాత్రం పసిపిల్లలున్న ఇంటికి వద్దు. ఆ బిళ్ళ మింగితే, అన్నవాహికలో ఇరుక్కొని రెండు గంటలలోనే పుండు చేయగలదు.

బండిలోనూ ఒకటి ఉండాలి. అయితే ఎండలో నిలిపిన కారులో లిథియం బ్యాటరీని వదలకండి. విజయవాడ రహదారి మీద చిట్యాల దగ్గరో, బెంగళూరు రహదారి మీద జడ్చర్ల దగ్గరో టైరు పంక్చరైతే, ముందుగా మనుషులందరినీ రోడ్డు పక్కకు దింపండి. వెలుగును నేలకు వేయండి, ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్ళలోకి కాదు.

రాత్రి బస్సు దిగి ఒంటరిగా ఇల్లు చేరే ఆడపిల్లలు ఆత్మరక్షణకు ఏ టార్చి మంచిదని అడుగుతుంటారు. తీవ్రమైన వెలుగు ముఖాన పడితే ఎదుటివాడికి కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. అమ్మా, ఆ క్షణాలు పోట్లాటకు కాదు. కేకలు వేస్తూ జనం ఉన్నచోటికి పరుగెత్తడానికి.

మా ఇంట్లో టార్చి తలుపు పక్క మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఆదివారం ఆదివారం ఛార్జింగు పెడతాను. మనుమడు ఆటకు పట్టుకుపోయినప్పుడల్లా మాకిద్దరికీ తగవే.