పచ్చ టిక్కు పడితే పాఠం వచ్చినట్టేనా?

సంపాదకులవారికి,

నేటి విద్యార్థి ఎవరంటూ మొన్న ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివితే ఒళ్లు మండింది. చేతిలో ట్యాబ్, ఇంట్లో వైఫై, నచ్చినప్పుడు నచ్చినంత వేగంగా పాఠం చూసే వీలు. ఇవి ఉంటే చాలు, ఈ కాలపు విద్యార్థి అయిపోయినట్టే రాశారు. పక్కనే ట్యాబ్ పట్టుకుని నవ్వుతున్న పిల్లాడి ఫొటో. ఆ పిల్లాడికి ఏం వచ్చిందో, ఏం రాలేదో పేజీ మొత్తంలో ఒక్క ముక్క లేదు.

మా అమ్మాయి పదో తరగతి. వీడియో పాఠాల యాప్ కోసమని బడివాళ్లు విడిగా ఫీజు కట్టించుకున్నారు. రాత్రి అన్నాలయ్యాక అది వీడియో పెట్టి, సౌండ్ తీసేసి, ఫోన్ గోడకు ఆనించి జడ విప్పుకుంటూ కూర్చుంటుంది. వీడియో చివరిదాకా నడిస్తే పచ్చ టిక్కు పడుతుంది. పడకపోతే మర్నాడు క్లాసులో నిలబెడతారు. పిల్లనేమని అంటాం? వాళ్లు టిక్కు అడిగారు, ఇది టిక్కు తెచ్చిచ్చింది.

కరెంటు పాఠమంతా పచ్చ టిక్కులతో నిండాక, రెండు బల్బులు సిరీస్‌లో కలిపితే వెలుగు ఎందుకు తగ్గుతుందే అని అడిగాను. తెల్లముఖం వేసింది. తల్లిదండ్రుల మీటింగులో మాత్రం తెరమీద గ్రాఫు చూపించి, "మీ పాప యాక్టివిటీ చాలా బాగుందమ్మా" అన్నారు. మా పిల్లకు అర్థం కానిది ఇందులో ఎక్కడ కనిపిస్తుంది సార్ అంటే, "ఆ ఆప్షన్ యాప్‌లో లేదమ్మా" అన్నారు. అర్థం కాలేదని చెప్పుకునే చోటే లేనప్పుడు అదేం చదువు?

కరోనా వేళ, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు మా పిల్ల సర్కారు బడిలో ఉంది. పాఠం అయ్యాక టీచరమ్మ ఫోన్ చేసి, ఏది అర్థం కాలేదో చెప్పమని అడిగేది. అదీ తెరమీది చదువే. కానీ అడిగే మనిషి ఉంది.

మా మరిది పగలు కరెంటు పని చేసుకుంటూ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివాడు. 1982లో పుట్టిన ఆ సంస్థ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. పుస్తకంలో అంతుపట్టని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆదివారం స్టడీ సెంటర్‌కు పోయి అడిగి వచ్చేవాడు. చేతిలో ఏ ట్యాబూ లేదు. అయినా తనకేం రాలేదో తనకు తెలుసు. నా దృష్టిలో నేటి విద్యార్థి అంటే అలాంటివాడే.

ఆ మరిదే మొన్న ఒక సెల్లు, రెండు చిన్న బల్బులు, వైరు ముక్కలు తెచ్చి మా పిల్ల ముందు పెట్టాడు. ఒక బల్బు వెలిగించాడు. దాని వెనకే రెండోది కలిపేసరికి రెండూ మందగించాయి. అది కాసేపు చూసి, "మరి మనింట్లో ఫ్యాన్ వేస్తే లైటు మందగించదేం బాబాయ్?" అంది. ఆయన జవాబు చెప్పలేదు, వెతుక్కోమన్నాడు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, వీడియో ఆపి, వెనక్కి తిప్పి, పుస్తకంతో సరిచూసుకుని, ఇంట్లో అన్నీ పారలల్‌గా కలుపుతారు, దేనికదే 230 వోల్టులు అందుకుంటుంది అని తనే వచ్చి చెప్పింది. ఆ ఫోనే, ఆ పిల్లే. ఈసారి అడగాల్సిన ప్రశ్న దాని దగ్గరుంది.

క్యూఆర్ కోడ్ అంటే గుర్తొచ్చింది. మీ విద్యా పేజీలో ఒకప్పుడు పదో తరగతి ప్రశ్నలు, జవాబులు పూర్తిగా వేసేవారు. ఇప్పుడు సగం వేసి, మిగతాది స్కాన్ చేసి చూడమంటున్నారు. ఇంటికి ఒకే ఫోన్, అదీ తండ్రితో పాటు పనికి వెళ్లే ఇళ్లలో ఆ మిగతా సగం ఎవరు చదవాలి? పేపరు కొన్నవాళ్లకు పాఠం పూర్తిగా ఇవ్వండి.

ఇకమీదట చదువుల గురించి రాసేటప్పుడు ట్యాబ్ ఉందా అని కాదు, నీకు ఏది అర్థం కాలేదో చెప్పగలవా అని పిల్లల్ని అడిగి రాయండి. అనుమానం అడిగే చోటు, జవాబు చెప్పే మనిషి లేని యాప్‌కు ఫీజు ఎందుకు కట్టాలని మీటింగుల్లో నిలదీయమని తల్లిదండ్రులకు చెప్పండి. ఆ మాట మీ పత్రికలో వస్తే, బడిలో నేనొక్కదాన్నే అడగాల్సిన అవసరం ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం