పైతీగయు ప్రాణరక్షణయు

చెన్నపురి బీచి నుండి తాంబరమునకు 1931లో విద్యుద్రైళ్లు నడువ నారంభించినప్పుడు పైతీగలోని విద్యుత్తు 1,500 వోల్టులు. నేఁ డా మార్గమునను, సూళ్లూరుపేట మార్గమునను అది 25,000 వోల్టులు. బండికప్పుపై నున్న పాంటోగ్రాఫు తీగ నొరయుచు విద్యుత్తును గ్రహించును. ట్రాన్స్‌ఫార్మరు దానిని తగ్గించి మోటారులకు తగినట్లొనర్చును. చక్రముల ద్వారా పట్టాలను చేరి అది మరలిపోవును.

బండి నిలిచియున్నను తీగలో విద్యుత్తుండును. కప్పు నెక్కినవాఁడు తీగను ముట్టనక్కరలేదు. మిక్కిలి చేరువైనచో గాలిని ఛేదించుకొని యది దేహముపైకి దుముకఁగలదు. కావున “ముట్టరాదు” అను హెచ్చరిక చాలదు. “సమీపింపరాదు, నిలిచిన బండినైన నెక్కరాదు” అని రైల్వేవారు కారణసహితముగా బాలురకు బోధింపవలెను. సూళ్లూరుపేట మార్గమునందు ఆ బోధ తమిళముతోపాటు తెలుఁగునను జరుగుట యావశ్యకము.