ఆటల పీరియడు కాలహరణం కాదు

ఇంటర్మీడియట్ కళాశాలల ప్రకటనలలో ర్యాంకులు కనబడతాయి, ర్యాంకుల పక్కన పిల్లల ఫొటోలు కనబడతాయి. ఆటస్థలం మాత్రం సాధారణంగా కనబడదు. లేనిదానిని చూపించలేరు కదా! అద్దెకు తీసుకున్న బహుళ అంతస్తుల భవనం, తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లు, వారం తిరిగేసరికి మరో పరీక్ష. పదహారేళ్ల పిల్లలు హాయిగా నవ్వుకోవడానికి ఆ టైంటేబుల్‌లో చోటెక్కడున్నది? దీనిని విద్య అని పిలవడానికి వైద్యుడిగా నా మనసు అంగీకరించదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల వెల్లడి తరువాత కొద్ది రోజులలోనే 20 మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాము. ఇందుకు ఆటలు లేకపోవడమొక్కటే కారణమని నేననను. అటువంటి మరణం వెనుక ఎన్నో కారణాలు పెనవేసుకొని ఉంటాయి. కాని నిద్ర, స్నేహం, ఆట, పాట వంటి మనసుకు ఊతమిచ్చే వాటన్నింటినీ ముందుగా తొలగించి, ఆపైన "ఈ కాలం పిల్లలకు తట్టుకునే శక్తి లేదు" అని వారినే నిందించడం ఘోరమైన అన్యాయం.

"ఆటలాడితే ర్యాంకులు వస్తాయా?" అని అడిగేవారికి శరీరధర్మమే సమాధానం చెబుతుంది. ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. పరీక్షనాడు కొద్దిసేపు పెరిగితే మేలే. నెలల తరబడి తగ్గకపోతే నిద్ర చెడుతుంది, ఏకాగ్రత సడలుతుంది, జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. చదివినది మెదడులో స్థిరపడేది ప్రధానంగా నిద్రలోనే. పరుగెత్తి, చెమటోడ్చి, నలుగురితో నవ్విన పిల్లవాడికి నిద్ర బాగా పడుతుంది. తలనొప్పి, కడుపునొప్పి అంటూ వచ్చి, పరీక్షలన్నీ నార్మల్ అని తేలే విద్యార్థులను చూడని వైద్యుడుండడు. వారిలో చాలామందికి కావలసినది మరో స్కానింగు కాదు, సాయంత్రం ఒక గంట స్వేచ్ఛ. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇక పాఠశాలల సంగతి. టైంటేబుల్‌లో ఆటల పీరియడు ఉంటుంది. సిలబస్ పూర్తికాలేదంటూ లెక్కల మాస్టారు దానిని తీసుకుంటారు. ఏడాదికొకసారి "ఫన్ డే" జరిపి, ఫొటోలు తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఏడాదంతా పస్తులుంచి ఒకనాడు విందు పెడితే పోషణ అవుతుందా? జట్టుకు ఎంపికైన పదిమంది ఆడుతుంటే మిగిలినవారు చప్పట్లు కొట్టడమూ ఆట కాదు. మార్కులు, బహుమతులు లేకుండా అందరూ ఆడేదే మనసుకు మందు.

ఇది ఎవరో దయతలచి ఇచ్చే వరమూ కాదు. ఆట, విశ్రాంతి బాలల హక్కులని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 31వ అధికరణం చెబుతున్నది. 1992లో భారతదేశం దానిని ఆమోదించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఆటస్థలం ఉండాలన్నది. కాని ఆ చట్టం ఎనిమిదవ తరగతితో ఆగిపోతుంది. ఒత్తిడి ముదిరేది ఆ తరువాతనే! విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు జారీ చేసింది. మార్కులనుబట్టి సెక్షన్లు విడదీయరాదనీ, 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, క్రీడలకు, కళలకు ప్రాధాన్యమివ్వాలనీ చెప్పింది. వీటిని అమలు చేయించవలసినది ప్రభుత్వం, అడగవలసినది మనం.

ఖర్చు అనే సాకు చెల్లదు. కబడ్డీకి గీత గీస్తే చాలు, ఏడు పెంకులాటకు పెంకులు, ఒక బంతి చాలు. చోటు లేనిచోట అష్టాచెమ్మా, అంత్యాక్షరి, పొడుపుకథలు ఉన్నాయి. కోలాటానికి రెండు కర్రలు కావాలి, అంతే. కావలసినది డబ్బు కాదు, ఎవరూ లాక్కోలేని ఒక గంట.

ఒక హెచ్చరిక. ఆట ఒత్తిడిని తగ్గిస్తుంది కాని డిప్రెషన్‌కు చికిత్స కాదు. ఇష్టమైన వాటిపై ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి తగ్గి, ఒంటరిగా ఉండిపోయే పిల్లలను మానసిక వైద్యునికి చూపించవలసిందే. "చచ్చిపోవాలని ఉంది" అన్న మాటను బెదిరింపుగా కొట్టిపారేయకండి, ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులారా! అడ్మిషనుకు వెళ్లినపుడు ఫీజు, ర్యాంకుల తరువాత మరి మూడు ప్రశ్నలు వేయండి. ఆటస్థలం ఎక్కడ? పిల్లలు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారు? కౌన్సెలర్ ఎవరు? సూటిగా జవాబు రాకపోతే, చేతిలోని చెక్కును జేబులో పెట్టుకొని, బిడ్డ చేయి పట్టుకొని బయటకు నడవండి.