హెచ్చరిక: బాత్‌రూం తలుపుకున్న గుండు పిడిని వెంటనే మార్చండి

బాన్సువాడ, బీర్కూర్, వర్ని వైపు ఏ వాడకు వెళ్లినా బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన తల్లులు కనిపిస్తారు. మీ ఇంట్లో అలాంటి అమ్మ ఉన్నా, పక్షవాతంతో చెయ్యి పడిపోయిన పెద్దాయన ఉన్నా, ముందు లేచి బాత్‌రూం తలుపు చూడండి. దానికి గుండ్రటి పిడి గానీ, తుప్పు పట్టిన బేడం గానీ ఉంటే ఈ వారంలోనే మార్చాలి. లోపలికి వెళ్లిన మనిషి తిరిగి బయటికి రాలేకపోయే తలుపు అది.

చూసుకోవడం తేలికే. బయట ఒకరిని నిలబెట్టి మీరు లోపలికి వెళ్లండి. పిడికిలి బిగించి, వేళ్లు విప్పకుండా తలుపు తీయండి. గట్టి చేతులున్న మీకే రాకపోతే, కీళ్లు పట్టేసిన వాళ్లకు ఎలా వస్తుంది?

బీడీ పని సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి, వేళ్ల మధ్య బిగించి చుట్టి, మూతి మలిచి, దారం కట్టాలి. చాట ఒడిలో పెట్టుకుని రోజుకు వెయ్యి చుట్టాలని కూర్చునే ఆడవాళ్లు ఏళ్ల తరబడి అవే వేళ్లను, అదే మణికట్టును అరగదీసుకున్నారు. దానికి తోడు కొందరికి ఆమవాతం, ఇంకొందరికి షుగర్. షుగర్ ముదిరితే కొందరు వేళ్లు పూర్తిగా చాచలేరు, భుజం కూడా బిగుసుకుపోవచ్చు. అలాంటప్పుడు తలుపు పైభాగాన ఉన్న గడియ ఉన్నా లేనట్టే. బీడీ కార్మికులకు 2015 నుంచి ప్రభుత్వం పింఛను ఇస్తోంది, సంతోషం. ఇంటి తలుపు సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

గుండు పిడితో చిక్కేమిటంటే, దాన్ని ఒకేసారి గట్టిగా పట్టుకోవాలి, తిప్పాలి కూడా. సబ్బు చేతికి అది జారుతుంది. వేళ్లు మూయలేని చేతికి అసలు పట్టే దొరకదు, అరచేయి దాని మీద ఊరికే తిరుగుతుంది. దాని బదులు పొడుగు హ్యాండిల్ పెడితే, అలా పట్టుకోనక్కర్లేదు. అరచేత్తోనో మోచేత్తోనో కిందికి నొక్కితే చాలు. లెక్క కూడా సులువే. అయిదు సెంటీమీటర్ల గుండు పిడికి బలం పడేది మధ్య నుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో. పది సెంటీమీటర్ల హ్యాండిల్ కొసన నొక్కితే నాలుగో వంతు బలం సరిపోతుంది.

వానాకాలం చెక్క తలుపు ఉబ్బి దర్వాజకు పట్టేస్తుంది. అప్పుడు పిడి తిరిగినా తలుపు రాదు. పట్టే చోట ముందే చిత్రిక పట్టించండి.

మన పెద్దవాళ్లు ‘నాకు తలుపు రావట్లేదు’ అని నోరు తెరిచి చెప్పరు. అమ్మ తలుపు ఓరగా వేసి స్నానం చేస్తోందంటే, మనవరాలిని బయట నిలబడమంటోందంటే, రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించిందంటే, గడియ ఆమె చేతికి లొంగడం లేదేమో ఆలోచించాలి.

కొనేటప్పుడు పాత పిడిని విప్పి హార్డ్‌వేర్ దుకాణానికి పట్టుకెళ్లండి. తలుపు మందం, రంధ్రం వెడల్పు, తలుపు అంచు నుంచి రంధ్రం మధ్యకు దూరం రాసుకోండి. ఆ దూరం సాధారణంగా 60 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలతలు కలిస్తే పాత రంధ్రంలోనే పొడుగు హ్యాండిల్ కూర్చుంటుంది, తలుపు మార్చే పని లేదు. కొస తలుపు వైపు వంగిన రకం తీసుకోండి. సూటి కొసకు చీర కొంగు తగులుకుని మనిషి పడే ప్రమాదముంది. బాత్‌రూంకైతే లోపల గడియ పడినా బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే రకమే కొనండి. సిగ్గుకు భంగం లేదు, ఆపదలో అడ్డూ ఉండదు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, దాని వెనకే మనిషి పడిపోయినప్పుడు బయటివాళ్లు నెట్టలేరు. బయటికి తెరుచుకునేలా మార్చడానికి వీలుందేమో వడ్లాయనను అడగండి. కొత్తది వచ్చేదాకా పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే కొంత పట్టు దొరుకుతుంది. దాంతోనే సరిపెట్టుకోవద్దు.

ప్రజా భవనాలకైతే చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పాత భవనాలను కూడా అందరూ వాడుకునేలా మార్చమంది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి, అయిదేళ్ల గడువు 2022లోనే తీరిపోయింది. భవనాలు అందరూ వాడుకునేలా ఉండేందుకు కావాల్సిన ప్రమాణాలను తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. కాబట్టి ఆఫీసులో, బడిలో, దవాఖానలో మరుగుదొడ్డి తలుపు గురించి అడిగే హక్కు మీకుంది, అడగండి.

ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటున్నవారికి ఒక మాట. అయిదు లక్షల సాయంతో కట్టే ఇంటికి తలుపులు ఎంచుకునేది మీరే. పొడుగు హ్యాండిల్‌ను నేల నుంచి మూడడుగుల ఎత్తున పెట్టమని ఇప్పుడే చెప్పండి. బిగించాక అమ్మ చేతికి సబ్బు రాసి, బయట మీరు నాణెం పట్టుకుని నిలబడి, ఆమెనే లోపలి నుంచి తీయమనండి. ఆమె ఇబ్బంది లేకుండా తీసి బయటికి వచ్చాకే వడ్లాయనకు కూలి ఇవ్వండి.