సర్దుకోవడం అంటే...

ఫోటోలను, వాటి కింది మాటలను కంప్యూటరులో పుటలుగా కూర్చే డిజిటల్ స్క్రాప్‌బుక్ అభిరుచి గలవారికి ఒక బలహీనత ఉంటుంది: ఉచితంగా దొరికిన ప్రతి టెంప్లేటునూ దాచుకోవడం. నేనందుకు మినహాయింపు కాను. పదేళ్ళలో మూడువేల పైచిలుకు పోగుచేశాను. రూపకర్తల పేర్ల వారీగా ఫోల్డర్లలో పెట్టి, సర్దేశానని తృప్తిపడ్డాను.

మొన్న నాన్నగారి సంవత్సరీకానికి ఆయన ఫోటోలు ఐదింటిని ఒక పుటగా కూర్చబోతే, ఐదు చిత్రాలు పట్టే టెంప్లేటు దొరకక రెండు రాత్రులు గడిచాయి. తిథి దాటిపోయింది, పుట మాత్రం తయారు కాలేదు.

అప్పుడు బోధపడింది. అవసరానికి మనం వెతికేది రూపకర్తను కాదు, చిత్రాల సంఖ్యను. కనుక వర్గీకరణ కూడా అలాగే సాగాలి. ట్యాగులు తగిలిస్తే చాలదా అంటారేమో. ట్యాగులు మంచివే, కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని ఫైలులో కాక తమ జాబితాలోనే దాచుకుంటాయి. ఎందరో నమ్ముకున్న పికాసాను గూగుల్ 2016లో నిలిపివేసింది. అందుచేత ముఖ్య వివరం ఫైలు పేరులోనే ఉండాలన్నది నా అభిప్రాయం: "05-నిలువు3-అడ్డం2", చివర రూపకర్త పేరు. ఏ కంప్యూటరైనా వాటిని వరుసలో చూపుతుంది. వాడుక షరతుల కాగితాన్ని మాత్రం టెంప్లేటు నుండి విడదీయకూడదు.

ఇలా పేర్లు మారుస్తూ సగానికి పైగా తీసిపారేశాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు. నాన్నగారి పుట ఆలస్యంగానైనా పూర్తయింది. పోగుచేయడం, సర్దుకోవడం రెండూ ఆ పుట కోసమే కదా!