ఇంటి ధర ఎక్కువ చెప్పినవాడితో ఎలా మాట్లాడాలి?

శాంతిపురంలో గానీ కుప్పంలో గానీ ఇల్లు కొనబోయినవాడికి మొదట వినిపించేది ఇంటి గొప్ప కాదు, ఊరి గొప్ప. బెంగళూరు దగ్గరంటారు, హంద్రీ-నీవా నీళ్లు వచ్చాయంటారు, రేపో మాపో విమానాలు దిగుతాయంటారు. నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం చేరిన మాట నిజమే. విమానాల మాట మాత్రం ఏళ్ల తరబడి వింటున్నదే. రేపటి ఊరికి ఈరోజే డబ్బు కట్టమనడం దగ్గరే పేచీ వస్తుంది. వడ్డీకి జడిసి బ్యాంకు గడప తొక్కని కుటుంబాలకు, గల్ఫులో కూడబెట్టిన సొమ్ముతో వచ్చినవారికి ఈ పేచీ మరీ బరువు.

అలాగని ఆ యజమానిని దొంగను చూసినట్టు చూడకూడదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు కట్టడి చేయమని ప్రజలు కోరితే దైవప్రవక్త (స) అంగీకరించలేదు. ధరలు అల్లాహ్ చేతిలోనివన్నారు. సొత్తు అతనిది, ధర చెప్పే హక్కూ అతనిదే. కాదని లేచి రావడం మన హక్కు.

సహీహ్ బుఖారీలో ఒక ఇంటి బేరం ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆవరణలో హజ్రత్ అబూ రాఫె (రజి)కి రెండు గదులుండేవి. వాటిని కొనమని ఆయన సఅద్‌ను అడిగారు. సఅద్ కొననన్నారు. అక్కడే ఉన్న మిస్వర్ (రజి) కొనాల్సిందేనని పట్టుబట్టారు. అప్పుడు సఅద్, నాలుగు వేలకు మించి ఇవ్వను, అదీ వాయిదాల మీద అన్నారు. తనకు 500 దీనార్లు ఇస్తామన్నవారున్నారని అబూ రాఫె చెప్పారు. దీనారుకు పది దిర్హములు వేసుకున్నా అది అయిదు వేలు! అయినా పొరుగువాడికే ఎక్కువ హక్కని ప్రవక్త (స) నోట విన్నందున ఆ గదులను సఅద్‌కే ఇచ్చేశారు.

ఈ బేరంలో సఅద్ గోడ బీటలు వారిందనలేదు, చూరు కారుతుందనలేదు. తన హద్దు ఒక్కసారి చెప్పారు. తగ్గించమనడమే కాదు, గడువూ అడిగారు. మనవాళ్లు గడువు అడగటం నామోషీ అనుకుంటారు. వడ్డీ లేకుండా ఏడాదిలో మూడు వాయిదాలకు ఒప్పుకునే యజమాని, లక్ష తగ్గించేవాడికంటే ఎక్కువ మేలు చేసినట్టే. ఆ వాయిదాలు మాత్రం కాగితం మీద ఉండాలి.

అబూ రాఫె చెప్పిన ఇంకో గిరాకీ నిజమైనది. మన బ్రోకర్లు చెప్పే "ఇంకో పార్టీ" చాలాసార్లు గాలిలో పుట్టినవాడు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని హదీసులో నజష్ అన్నారు, నిషేధించారు. కొనేవాళ్లేమీ తక్కువ తినలేదు. ముందుగా ఇద్దరు స్నేహితులను పంపి సగం ధర అడిగించి, యజమాని ఆశ చంపి, తరువాత తాము వెళ్తారు. నా దృష్టిలో అది తిరగేసిన నజషే.

ఎంత ఎక్కువైతే అన్యాయపు ధర? హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ఉస్మానియా ప్రభుత్వం 1869-76 మధ్య కూర్చిన మజల్లాలో స్థిరాస్తికి అయిదో వంతు లెక్క చెప్పారు. తగిన ధర 20 లక్షలైతే, 24 దాటినది గబ్నె ఫాహిష్. మోసం లేనిదే ఆ కారణంతో బేరం రద్దు కాదు. యతీముల సొత్తు, వక్ఫు సొత్తు వేరు. తగిన ధరేదో తెలియాలంటే ఆ వీధిలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ల వివరం పట్టుకెళ్లాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు విలువ ఒక్కటే చూపితే ఏ యజమానీ ఒప్పుకోడు. రిజిస్ట్రేషను ఖర్చులను కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. ధర కుదరకపోతే "పత్రంలో తక్కువ రాయిద్దాం, మిగతాది నగదు" అనేవారుంటారు. స్థిరాస్తి బేరంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. అబద్ధపు పత్రానికి సాక్షి సంతకం సంగతి వేరే చెప్పాలా?

అసలు అడగవలసిన ప్రశ్న, ఎందుకు అమ్ముతున్నారన్నది. చాలాసార్లు ధర ఇంటిని బట్టి కాక అవసరాన్ని బట్టి పుడుతుంది. బిడ్డ పెళ్లి కావచ్చు, అప్పు కావచ్చు, తండ్రి పోయాక వారసుల మధ్య పంపకం కావచ్చు. పంపకమైతే ధర దిగకపోవడానికి న్యాయమైన కారణమే ఉంటుంది, అక్కచెల్లెళ్ల వాటా కూడా అందులోంచే రావాలి. అదే ఇంటిని అన్నదమ్ములు ఇద్దరే చవకగా ఇస్తామంటే సంబరపడి బయానా ఇవ్వకండి. ఈసీ తీయించి, వారసులందరి పేర్లు అడిగి, ఆడబిడ్డలు సంతకానికి వస్తారా లేదా కనుక్కున్న తరువాతే ధర మాట ఎత్తండి.